నీలికొండ తలుపు

అలమరలో తువ్వాళ్ళ దొంతర కింద పెట్టినా ఫోను ఊరుకోవడం లేదు. సీసాలో పెట్టి మూతేసిన తుమ్మెదలాగా పొద్దున్నుంచీ ఒకటే రొద.

"ఆపెయ్యకూడదూ దాన్ని?" అంది తల్లి, దిండు గలేబు మీద ఇస్త్రీ పెట్టె జరుపుతూ.

"ఆఫీసు నుంచి ఫోనొస్తుందమ్మా."

"అయితే తీసి చూడు."

"చూడను," అంది అక్క.

మూడు రోజులుగా ఆ ఇంట్లో మాటలు ఇంతకు మించి సాగడం లేదు. బయట మబ్బు వేసింది. కిటికీ తెరల్లోంచి పలచని నీలపు వెలుతురు వచ్చి, ముందుగది మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఆ వెలుతురులో తండ్రి పడక్కుర్చీలో కూచుని, కళ్ళజోడు చేత్తో పట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. నీళ్ళ సరఫరా ఆఫీసులో పంపులు నడిపే ప్రోగ్రాములు రాసి రిటైరైన మనిషి. అంతకు ముందెప్పుడో ఒక వీడియో ఆట రాశాడు. ఇప్పటి గొడవంతా దాని గురించే.

గుమ్మం దగ్గర చిన్నోడు బూటు లేసు కట్టుకుంటున్నాడు. పది నిమిషాలుగా అదే లేసు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని వాడిది. ముప్పయ్యో ఏడు వస్తున్నా ఇంట్లో వాడు చిన్నోడే. బయట, వాడు పెట్టే ఆటల వీడియోల్లో, వాడి పేరు కాపలాదారు. అక్కడ రెండు లక్షల మంది వాడి మాట వింటారు.

తల్లి ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, అలమర తెరిచి, ఫోను తీసి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని పైకి చదివింది.

"'కన్నతండ్రి కలకి సున్నం కొట్టిన కూతురు.' సున్నమేమిటే?"

"ఉన్న రంగు మీద వెల్ల వేసేశానని."

"'నీ చేతులు...'" తల్లి ఆగిపోయింది. మిగిలింది మనసులో చదువుకుంది. ఫోను మళ్ళీ తువ్వాళ్ళ కింద దాచి, అలమర తలుపు వేసి, దానికి వీపానించి నిలబడింది.

"ఆ రాసినవాళ్ళు నావాళ్ళు కాదు," అన్నాడు చిన్నోడు, లేసుతో చెబుతున్నట్టు.

"నీవాళ్ళే. పేర్ల పక్కన లాంతరు బొమ్మ ఉంది. నువ్వు పెట్టుకోమంటే పెట్టుకున్నదేగా," అంది అక్క.

"తిట్టమని నేను చెప్పలేదు."

"నువ్వు చెప్పగలిగింది నువ్వు చెప్పావు. మిగతాది వాళ్ళు పూరించారు."

ఆ ఆట పేరు నీలికొండ. లాంతరు పట్టుకున్న ఒక మనిషి, బొటనవేలి గోరంత మనిషి, కొండెక్కుతూ పోతాడు. నీలంలో ఎన్ని నీలాలున్నాయో అన్నీ దాటుకుంటూ పోతాడు. ఎవరూ తరమరు, ఎవర్నీ కొట్టక్కర్లేదు. దారిలో నిద్రపోయే రాళ్ళుంటాయి. పైకి పారే వాగొకటి ఉంటుంది. శిఖరం మీద ఒక తలుపు. తడితే మూడు చప్పుళ్ళు. తలుపు తెరుచుకోదు. తెరంతా మెల్లిగా నీలమైపోయి, గోరంత మనిషి మళ్ళీ కొండ మొదట్లో ఉంటాడు.

అంతే ఆట. ఇన్నేళ్ళుగా ఆ తలుపు గురించి మనుషులు రాసుకుంటూనే ఉన్నారు. కొందరికది చావు, కొందరికి దేవుడు, కొందరికి ఇల్లు విడిచి వెళ్ళిన తండ్రి. "తెరుచుకోకపోవడమే ఆ తలుపు చెప్పే మాట," అనేవాడు చిన్నోడు ప్రతి వీడియో చివరా, గొంతు తగ్గించి. ఆటా తనూ ఒకే ఏడు పుట్టామని కూడా చెప్పుకునేవాడు.

ఇప్పుడొక పెద్ద స్టూడియో ఆ ఆటని కొత్తగా చేస్తోంది. శనివారం వదిలిన చిన్న వీడియో చివర్లో, తలుపు వేలెడు తెరుచుకుని గడప మీద వెలుగు పడింది. రెండు క్షణాలు, అంతే. సోమవారం చిన్నోడు కెమెరా ముందు కూచుని, ఎన్నడూ చెప్పనిది చెప్పేశాడు. "ఈ ఆట రాసినాయన మా నాన్న. ఆయన మూసిన తలుపది. తెరవడమంటే ఆయన నోటిని ఇంకొకడు తెరవడం." తండ్రిని మాత్రం అడగలేదు.

ఆ తలుపు వెనక గది బొమ్మ వేసింది, తన పక్కగదిలో పడుకునే అక్కేనని వాడికి తెలియదు. ఇంట్లో కూడా చెప్పనని ఆవిడ స్టూడియోకి కాగితం మీద సంతకం పెట్టింది. రెండేళ్ళు పెదవి కదపలేదు. మంగళవారానికల్లా ఎవడో పనివాళ్ళ జాబితా తవ్వి ఆమె పేరు బయటికి లాగాడు.

"ముందే చెప్పుంటే..." అన్నాడు చిన్నోడు.

"చెప్పుంటే ఊరుకునేవాడివా?"

వాడు ఆలోచించాడు. అబద్ధమాడటం వాడికి చేతకాదు. "ఊరుకునేవాణ్ణి కాదు. నాన్న పేరు ఎత్తేవాణ్ణి కాదు."

"ఆ గది నువ్వు చూశావురా? చూడకుండా ఎలా తిట్టావు?"

"చూడక్కర్లేదు. అక్కడ గదంటూ ఉండటమే తప్పు." లేసు వదిలేసి లేచాడు. "నీకు తెలీదక్కా. ఊపిరాడక బడి మానేసి పడుకున్న రోజులన్నీ నేను ఆ తలుపు ముందు కూచున్నాను. బయట పిల్లలు పరిగెడుతుండేవాళ్ళు. రమ్మనకుండా, పొమ్మనకుండా నన్నుండనిచ్చింది అదొక్కటే. మీరు తెరిచేస్తే అది నలుగురిళ్ళలాంటి ఇల్లయిపోతుంది."

"నాకు తెలీదా? నీ పక్కన కూచున్నదెవరు?"

"నువ్వే. నువ్వు నడిపించేదానివి, నేను లాంతరు పట్టుకునేవాణ్ణి."

అక్క వాడికేసి వింతగా చూసింది. "ఒరే, నీ చేతిలోని కంట్రోలరు మెషీన్‌కి తగిలించి ఉండేది కాదు. దాని వైరు సోఫా కిందకి పోయేది. ఒక్కళ్ళాడే ఆటరా అది, నీకు తెలీనిదేముంది?"

"బయట అమ్మింది ఒక్కళ్ళదే." చిన్నోడి గొంతు సన్నబడింది. "మనింట్లోది నాన్న మనిద్దరి కోసం విడిగా చేశాడనుకున్నా."

తల్లికి నవ్వొచ్చింది. మూడు రోజుల తరవాత ఆ ఇంట్లో వచ్చిన నవ్వు. వస్తూనే దారి తప్పి ఆగిపోయింది.

"నేనలాంటిదేం చెయ్యలేదు," అన్నాడు తండ్రి.

అందరూ అటు తిరిగారు.

"ఆ తలుపు కూడా నేను మూసింది కాదు."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ," అంది తల్లి. అంత త్వరగా అందంటే, ఆమెకి ముందే తెలుసన్నమాట.

"ఇంకా ఎప్పుడు?" తండ్రి కళ్ళజోడు కాడలు ముడిచాడు, విప్పాడు. "అప్పటికి ఆట ఇచ్చెయ్యడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. శిఖరం దాకా వచ్చేశాను. తలుపు గీశాను. తెరుచుకోవడం మర్నాడు రాద్దామనుకున్నాను. మర్నాడు నువ్వు పుట్టావు. రెండు నెలలు ముందు."

చిన్నోడు కదల్లేదు.

"అరచేతిలో పట్టేవాడివి. గాజుపెట్టెలో పెట్టారు. పంతొమ్మిది రోజులు నేనక్కణ్ణించి లేవలేదు. ఆఫీసువాళ్ళు ఆసుపత్రికి ఫోను చేస్తే నర్సు వచ్చి పిలిచింది. 'తలుపు సంగతేం చెయ్యమంటారు?' అన్నాడు అవతలివాడు. 'ప్రస్తుతానికి మూసుండనీ' అన్నాను. అంతే జరిగింది."

"ప్రస్తుతానికా?" అన్నాడు చిన్నోడు.

"ఆఁ."

"ప్రస్తుతానికా నాన్నా?"

"తరవాత ఆ కంపెనీ ఎత్తేశారు. నేను పంపుల పనిలో పడ్డాను."

తెర ఒకసారి గాలికి ఉబ్బి, మళ్ళీ కిటికీకి అంటుకుంది.

"లోపల ఏముండాల్సింది?"

"గుర్తు లేదురా. అక్క కూడా ఒకసారి అడిగింది. ఆ పంతొమ్మిది రోజులకి ముందువి చాలా మటుకు నాకు గుర్తు లేవు."

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదే."

తండ్రి సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "నువ్వు దాని గురించి అంత బాగా మాట్లాడేవాడివి. ఇక్కడే కూచుని వినేవాణ్ణి. వినగా వినగా, నేనూ అలాగే అనుకుని రాశానేమో అనిపించేది."

అలమరలో ఫోను మళ్ళీ రొద పెట్టింది. ఈసారి చిన్న చిన్న జలదరింపులు కావు, ఆగని మోత. అక్క తీసింది. స్టూడియో మేనేజరు. గొంతు పెద్దది కావడంతో అందరికీ వినిపించింది.

"ఊపిరి పీల్చుకోమ్మా, గొడవ సద్దుమణిగినట్టే. ఆ గది తీసేస్తున్నాం. తలుపు మూసే ఉంటుంది. నాలుగింటికి లైవ్‌లో చెప్పేస్తాం, అభిమానుల మాట విన్నామని. మీ నాన్నగారు కూడా వచ్చి, మూసి ఉంచడమే నా ఉద్దేశం అని ఒక్క ముక్కంటే సరిపోతుంది."

"రెండేళ్ళ పని సార్ అది."

"నీ పనికి వంక పెట్టేదెవరమ్మా! జనానికి వద్దు, అంతే. నాన్నగారిని తీసుకొస్తావుగా?"

అక్క ఫోను పెట్టేసింది. చిన్నోడి కళ్ళలోకి చూసి, "గెలిచావురా," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే వాడికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బూట్లు విప్పేశాడు. "చూపించు," అన్నాడు.

"ఏది?"

"గది. వాళ్ళు తీసేసేలోపు."

ఇంటి దగ్గర పని చేసుకునే కంప్యూటర్లో ఉంది. ఆమె నేరుగా శిఖరం తెరవబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండు. కింద నుంచి ఎక్కుతాను."

ఎక్కాడు. పక్కన అక్క ఉత్త చేతులతో కూచుంది. మొదట్లో వాడు ప్రతి మలుపులోనూ తప్పు వెతికాడు. ఈ రాయి ఇంత నున్నగా ఉండేది కాదన్నాడు. ఆ మబ్బు ఎడంపక్క ఉండాలన్నాడు. కాసేపటికి మాటలు తగ్గాయి. పైకి పారే వాగు దగ్గర లాంతరు వెలుగు నీళ్ళలో పడి, నీళ్ళతో పాటే కొండెక్కుతుంటే, చిన్నోడు ఆడటం మానేసి చూస్తూ ఉండిపోయాడు. ఊపిరి కోసం దిండ్లకి ఆనుకుని కూచున్న మధ్యాహ్నాలు ఎక్కణ్ణించో వచ్చి గదిలో నిలబడ్డాయి. ఆ వాగు పాత ఆటలో నాలుగు గీతలు. అప్పుడు తను చూసింది మాత్రం ఇదే, ఇంత నీరూ.

శిఖరం వచ్చింది. తలుపు. మూడు చప్పుళ్ళు.

తెరుచుకుంది.

లోపల చిన్న గది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు మంచం మీద దుప్పటి ఒక పక్కకి తోసి ఉంది. దిండు మీద తల ఆనిన గుంట ఇంకా పూడలేదు. గోడకి లాంతరు తగిలించే కొక్కెం ఖాళీగా ఉంది. చిన్నోడు తన లాంతరు దానికి తగిలించాడు. అప్పుడు కిటికీలోంచి కొండంతా కనబడింది, ఎక్కి వచ్చిన దారి మొత్తం, మెలికలు మెలికలుగా. ఎక్కడో అట్టడుగున, ఆవగింజంత వెలుగు ఒకటి కదులుతోంది. ఎవరో ఎక్కడం మొదలుపెట్టారు.

చెయ్యడానికి ఇంకేమీ లేదు. చిన్నోడు మంచం మీద కూచున్నాడు. ఆవగింజ శనగగింజంతైంది. దారి మలుపులో మాయమైంది. చాలాసేపటి తరవాత తలుపు మీద మూడు చప్పుళ్ళు, ఈసారి బయట నుంచి.

"తియ్యవా?" అంది అక్క.

"ఉండు."

మళ్ళీ మూడు చప్పుళ్ళు. చిన్నోడు చేతిలోని కంట్రోలరు బల్ల మీద పెట్టేసి, అరచేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"బాగుందక్కా," అన్నాడు ఆ అరచేతుల్లోంచే. "చాలా బాగుంది. అయినా నాకు ఆ పాత తలుపే కావాలి."

"కావాలనుకో. నేను కాదన్నానా? పాతదే కావాలనడం తప్పు కాదురా. నా చేతులు విరగాలనడం తప్పు."

"నిజం చెప్పేస్తాను అందరికీ. ప్రస్తుతానికి అన్న మాటతో సహా."

"వద్దు." ఆమె వెంటనే అంది. "భర్త పోయిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం కొండెక్కి ఆ తలుపు తట్టి వచ్చే టీచరమ్మ ఉంది కదా, నీ వీడియోలో ఆవిడ ఉత్తరం చదివావు. ఆవిడకేమని చెప్తావు? మా అమ్మకి నెప్పులు ముందే రావడం వల్ల తెరవలేదండీ అనా?"

చెబితే ఆవిడకి అన్యాయం. చెప్పకపోతే పక్కనున్న ఈమెకి.

గుమ్మంలో తండ్రి. తల దువ్వుకుని, చొక్కా మార్చుకుని ఉన్నాడు. "ఎన్నింటికి రమ్మన్నారు?"

"నాలుగింటికి. నాన్నా, మీరు రానక్కర్లేదు. నేను చెప్పుకుంటాను."

"ఏం మాట్లాడతారండీ అక్కడ?" అంది వెనక నుంచి తల్లి.

"అడిగినప్పుడు చూద్దాం," అన్నాడు తండ్రి. ఆ గదిలో తెర మీద ఉన్న కిటికీకేసి, అందులో ఆగి ఉన్న కొండకేసి కాసేపు చూశాడు.

స్టూడియో నాలుగో అంతస్తులో. నేలంతా మెత్తటి తివాచీ కావడంతో అడుగుల చప్పుడే ఉండదు. కిటికీలన్నింటికీ నల్ల తెరలు. వరసగా ఇరవై కంప్యూటర్లు, అన్నిటిలోనూ నీలం. ఒకదాంట్లో రాళ్ళు నిద్రపోతున్నాయి. ఇంకొకదాంట్లో ఒకతను వాగుని ఆపి, ఒక్కో నీటి బొట్టునే సరిచేస్తున్నాడు. వెనక మనుషులు నడుస్తున్నారని తెలిసినా ఎవరూ తల తిప్పలేదు.

గోడ మీద ఎవరో కాగితం అంటించారు. తెరుచుకోకపోవడమే ఆ తలుపు చెప్పే మాట. కింద ఎర్రసిరాతో, 'మరి మాకిక్కడ పనేముంది, ఇళ్ళకి పోదామా?' అని రాసి ఉంది. చిన్నోడు అది రెండుసార్లు చదివాడు.

మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతున్న అమ్మాయి ఎదురొచ్చింది. చప్పుళ్ళు రికార్డు చేసే అమ్మాయి అని అక్క చెప్పింది.

"మీరేనా కాపలాదారు?" అంది.

"అవును."

"మా తలుపు చప్పుడు ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టినట్టుందన్నారు."

చిన్నోడికి గుర్తుంది. ఆ మాటకి బాగా నవ్వారు జనం.

"నలభై ఒక్క తలుపులు తట్టి చూశానండీ. ఆఖరికి మా అమ్మమ్మ గది తలుపు చప్పుడు పెట్టాను." ఆమెకి కోపం కూడా రావడం లేదు, అలసట తప్ప. "మీ వీడియోలు చూసే నేనీ పనిలోకొచ్చాను. అది చెబుదామనే."

హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని వెళ్ళిపోయింది. చిన్నోడు నోరు తెరిచాడు గానీ, అప్పటికి ఆమెకి వినబడదు.

లైవ్ మొదలైంది. దీపాల మధ్య కుర్చీలో తండ్రి, పక్కన మేనేజరు. కెమెరా వెనక గోడవారగా అక్క, చిన్నోడు. పక్కనే పెద్ద తెర మీద జనం రాసేవి కింద నుంచి పైకి పాకుతున్నాయి. అన్నీ లాంతర్లే. వందలు, వేలు. ఎవరు చెప్పారో, కాపలాదారు అక్కడే ఉన్నాడని తెలిసిపోయింది. గెలిచాం అంటున్నారు.

"సార్," అన్నాడు మేనేజరు పెద్దగా నవ్వి. "ఆ తలుపు మూసి ఉంచడమే మీ ఉద్దేశం కదండీ?"

తండ్రి జేబులోంచి ఒక కాగితం తీసి, మడత విప్పి, మోకాలి మీద పెట్టుకున్నాడు. చదవలేదు.

"మొన్న సోమవారం మావాడు నా తరఫున మాట్లాడాడు," అన్నాడు నెమ్మదిగా. "ఇవాళ మీరు నా తరఫున ఈ కాగితం రాసిచ్చారు. ఇన్నాళ్ళూ నోరు విప్పని తప్పు నాది, మీ ఇద్దర్నీ ఏమనను. ఆ గదిని కాదన్నవాళ్ళలో లోపలికి వెళ్ళి చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి అడగండి."

మేనేజరు కెమెరా అతనికి ఆపమని సైగ చేశాడు. కెమెరా అతను తండ్రినీ మేనేజరునీ చూసి, కెమెరాని మెల్లిగా పక్కకి తిప్పాడు. హెడ్‌ఫోన్ల అమ్మాయి మైకు తెచ్చి చిన్నోడి చేతిలో పెట్టింది.

చిన్నోడు వెలుగులోకి నడిచాడు. పెద్ద తెర మీద లాంతర్లు జాతరలా లేచాయి.

"నేను ఆ గదిలోకి వెళ్ళాను," అన్నాడు.

లాంతర్లు ఆగాయి. ఒక్క గుక్క సేపు తెర ఖాళీగా, ఉత్త నీలంగా ఉంది. తరవాత కింద నుంచి ఒక్క వాక్యం పాకుతూ వచ్చింది. *నువ్వు కూడా అమ్ముడుపోయావా?* దాని వెనక ఇంకొకటి. ఇంకా పది.

వాడు అవి చదవడం అక్క చూసింది. తన ఫోనులో వచ్చినవి చదువుతున్నప్పుడు తన మొహం ఎలా ఉండి ఉంటుందో మొదటిసారి ఆమెకి కనబడింది. ముందుకు ఒక అడుగు వేసింది. ఆగింది.

చిన్నోడు తండ్రి పక్కకి ఒక కుర్చీ లాక్కుని కూచున్నాడు. మైకు దగ్గరికి తీసుకున్నాడు.

"లోపల ఏముందో చెప్పను," అన్నాడు. "ఆ గది వేసిందని మీరు తిడుతున్న మనిషి గురించి చెప్తాను."

మేనేజరు చెయ్యి దీపాల స్విచ్చు దాకా వెళ్ళి, దాని మీదే ఆగి ఉంది.